చెత్తదిబ్బ చెంత నీటిపై నిఘా

గుంటూరు నగర చెత్త ఏళ్ల తరబడి నాయుడుపేట డంపింగ్ యార్డుకు చేరింది. చెత్త నుంచి 15 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి చేసే కర్మాగారం 2022లో యడ్లపాడు మండలం కొండవీడు వద్ద ప్రారంభమైంది. అయినా పాత దిబ్బల పరిసర బావులకు పరీక్షలు తప్పవు.

ఊట ప్రమాదం: వాననీరు కుళ్లిన చెత్తలోంచి దిగుతూ నల్లని ఊటగా మారుతుంది. అందులో అమ్మోనియా, క్లోరైడ్లు, భార లోహాలు ఉంటాయి. తడిసిన నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనీయదు. వేసవిలో నెర్రెలు విచ్చితే మాత్రం తొలకరికే ఊట లోనికి దిగుతుంది.

నిబంధనలు: ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువులకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిర్దేశించాయి. సరిహద్దు నుంచి 50 మీటర్లలోపు భూగర్భ జలాన్ని వానలకు ముందు, వానాకాలంలో, ఆ తరువాత పరీక్షించాలన్నాయి. మూసివేశాక 15 ఏళ్లు పర్యవేక్షణ కొనసాగాలన్నాయి.

పోలికే కీలకం: మిరప, పత్తి చేలకు వేసే ఎరువులతోనూ నీటిలో నైట్రేటు పెరుగుతుంది. పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో పలుచోట్ల లవణాలు, ఫ్లోరైడు సహజంగానే ఎక్కువ. అందువల్ల ఒక్క బావి నమూనాతో కారణం తేలదు. భూగర్భ జల ప్రవాహానికి దిబ్బ ఎగువన ఒక బావి, దిగువన కనీసం రెండు బావులు ఎంచుకుని ఒకేసారి నమూనాలు తీయాలి. వాగులోనూ ఇదే పద్ధతి పాటించాలి. దిగువన మాత్రమే అమ్మోనియా, క్లోరైడ్లు పెరిగితే అనుమానం దిబ్బపైనే.

తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మరిగిస్తే క్రిములు నశిస్తాయి గాని నైట్రేటు, లోహాలు పోవు.