అనంతాన్ని కలుపుకున్న లెక్క

ఎలక్ట్రాన్ బరువెంత అని అడిగితే ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. అదే ప్రశ్న క్వాంటం క్షేత్ర సిద్ధాంతాన్ని అడిగితే 1930లలో వచ్చిన జవాబు: అనంతం. ఎలక్ట్రాన్ చుట్టూ దాని సొంత విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఆ క్షేత్రపు శక్తి కూడా బరువులో భాగమే. ఎలక్ట్రాన్ కేవలం బిందువైతే ఆ శక్తికి అంతు ఉండదు. 1930లో ఓపెన్‌హైమర్ పరమాణువు శక్తిమట్టాలకు లెక్క కట్టినా అనంతమే తేలింది. సిద్ధాంతాన్నే మార్చాలన్న వారూ లేకపోలేదు.

ఈ చిక్కు విడిన కథను మామూలుగా అమెరికాతో మొదలుపెడతారు. 1947 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని షెల్టర్ ఐలాండ్‌లో జరిగిన సమావేశంలో లాంబ్ తన ప్రయోగఫలితం చెప్పాడు. హైడ్రోజన్‌లో ఒకటే కావలసిన రెండు శక్తిమట్టాల మధ్య సుమారు 1000 మెగాసైకిళ్ళ తేడా ఉంది. తిరుగు ప్రయాణంలో రైల్లోనే బేతే లెక్క కట్టి 1040 తెచ్చాడు. గొప్ప కథే. అయినా దీన్ని టోక్యో నుంచి చెప్పుకోవడమే నాకిష్టం. ఎందుకో మన పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

1943లో టొమొనాగా అనే ఆచార్యుడు సాపేక్షతా సూత్రానికి భంగం రాకుండా క్షేత్రాల లెక్కను నడిపే పద్ధతి రాశాడు. అచ్చయింది జపాను భాషలో, అక్కడి రికెన్ సంస్థ పత్రికలో. యుద్ధం వల్ల అది బయటికి పోలేదు. 1946లో యుకావా క్యోటోలో ఇంగ్లీషు పత్రిక ఒకటి పెట్టిన తరవాత దాని అనువాదం అందులో వచ్చింది. ఈలోగా టోక్యో బూడిదైంది. ఆ శిథిలాల మధ్యనే టొమొనాగా శిష్యులను కూర్చోబెట్టుకుని పనిచేశాడు. లాంబ్ ప్రయోగం సంగతి ఆయనకు తెలిసింది ఏ శాస్త్రపత్రిక వల్లా కాదు, ఒక అమెరికన్ వార్తా వారపత్రిక వల్ల!

1939లో డాంకాఫ్ అనే అమెరికన్ ఇలాంటి లెక్కే చేసి కొన్ని పదాలు వదిలేశాడు. అందుకే అనంతం పోలేదు. టోక్యో బృందం ఆ పదాలను పట్టుకుంది. అవి చేర్చాక మిగిలిన అనంతాలన్నీ రెండే చోట్లకు చేరాయి: ఎలక్ట్రాన్ బరువు, దాని ఆవేశం. నెయ్యిని గిన్నెతో సహా తూస్తాం, గిన్నె బరువు తీసేస్తాం. ఇక్కడ గిన్నెను విడిగా తూచే దారే లేదు. క్షేత్రం లేని ఎలక్ట్రాన్‌ను ఎవరూ చూడలేదు. కనుక ప్రయోగంలో తేలిన బరువులోనే అదంతా కలిసి ఉందని ఒప్పుకుని, మిగతా లెక్క నడపాలి.

1948లో టొమొనాగా ఈ ఫలితాలను ఓపెన్‌హైమర్‌కు ఉత్తరంలో రాశాడు. వెంటనే క్లుప్తంగా రాసి పంపమని తంతి వచ్చింది. అప్పటికి ష్వింగర్, ఫైన్‌మన్ వేరువేరు దారుల్లో అక్కడికే చేరారు. మూడూ ఒకటేనని డైసన్ చూపాడు. 1965లో నోబెల్ ముగ్గురికీ వచ్చింది. టొమొనాగా మాత్రం స్నానాలగదిలో జారిపడి, పక్కటెముకలు విరిగి, స్టాక్‌హోమ్ వెళ్ళలేకపోయాడు.

సొంత భాషలో రాయడం వల్లనే ఆయన మూడేళ్ళు మరుగున పడ్డాడని కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. నేనొప్పను. దారి మూసింది యుద్ధం. డిరాక్ పుస్తకాన్ని 1936లోనే నిషినా, టొమొనాగా మొదలైనవారు జపాను భాషలోకి తెచ్చారు. ఆ కుర్రవాళ్ళు క్వాంటం శాస్త్రాన్ని సొంత మాటల్లో చదువుకోగలిగారు. వాళ్ళు లేకుంటే ఆ శిథిలాల్లో అంత లెక్క చేసేదెవరు?

ఆ డిరాక్ మాత్రం అనంతాలను పక్కకు నెట్టే ఈ పద్ధతిని 1984లో చనిపోయేదాకా అంగీకరించలేదు. గణితంలో చిన్న సంఖ్యను వదలవచ్చు, అనంతాన్ని వదలడమేమిటని ఆయన పట్టు. 1970ల మొదట్లో కెన్నెత్ విల్సన్ పని వచ్చాకే దీని వెనక అర్థం కొంత తేటపడింది.

ఈ పద్ధతికి జపానులో పేరు ‘కురికోమి’. లోపలికి చేర్చుకోవడమని అర్థం. ఇంగ్లీషు మాటను పట్టుకుని మనం ‘పునస్సాధారణీకరణం’ అని రాస్తే నోరు తిరగదు, విషయమూ తెలియదు. మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలకు నేను ‘కలుపుకోలు’ అని చెబుతున్నాను. ఇంతకంటే మంచి మాట పాఠకులెవరైనా రాసి పంపితే అదే వాడతాను.