మరపుకీ ఒక లెక్క ఉంది

“రాత్రేగా అప్పచెప్పావు, తెల్లారేసరికి మరిచిపోయావా, మొద్దూ!” అని పిల్లల్ని కసురుకోని తల్లి అరుదు. కాని మరపు మొద్దుతనం కాదనీ, దానికీ ఒక లెక్క ఉందనీ తేలి నూరేళ్ళు దాటింది.

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన 1879లో ఈ పనికి పూనుకున్నాడు. పరీక్షించేదీ ఆయనే, పరీక్షకు కూర్చునేదీ ఆయనే! తెలిసిన మాటలైతే పాత జ్ఞాపకాలు తోడొస్తాయి కదా? అందుకని అర్థం లేని పొట్టి పలుకులు సుమారు 2,300 కూర్చుకున్నాడు. వాటిని వరసలుగా పేర్చి, తప్పు లేకుండా చెప్పగలిగేదాకా వల్లెవేసేవాడు. కొంత వ్యవధి ఇచ్చి, అదే వరస మళ్ళీ నేర్చుకుని, ఈసారి ఎంత శ్రమ కలిసివచ్చిందో లెక్క కట్టేవాడు. ఆ ఫలితాలు 1885లో పుస్తకంగా వచ్చాయి.

20 నిమిషాల తర్వాత నేర్చుకుంటే నూటికి 58 పాళ్ళ శ్రమ కలిసివచ్చింది. గంటకల్లా అది 44కి దిగింది, మర్నాటికి 34కి. నెల గడిచినా 21 పాళ్ళు మిగిలే ఉంది. చూశారా, మరపు మొదట పరుగెడుతుంది, తర్వాత నడక పడుతుంది.

అసలు కీలకం ఇంకొకటి. 12 పలుకుల వరసను ఒకేరోజు 68 సార్లు చదివితే మర్నాడు ఎంత మేలు కనిపించిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివినా అంత మేలే కనిపించింది. దాదాపు సగం శ్రమ మిగిలిందన్నమాట!

మరి బడిపిల్లల సంగతో? అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 3,605 మంది ఆరో తరగతి పిల్లల మీద స్పిట్జర్ చేసిన పరిశీలన 1939లో అచ్చయింది. పాఠం చదివిన వెంటనే ప్రశ్నలకు జవాబులు రాసిన పిల్లలకే తర్వాత ఎక్కువ గుర్తున్నదట. అంటే ఊరికే తిరగేయడం కాదు, పుస్తకం మూసి చెప్పుకోవాలి.

1972లో సెబాస్టియన్ లైట్నర్ దీన్ని ఇంట్లో చేసుకునే పద్ధతిగా చెప్పాడు. అట్టముక్కకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసుకోవాలి. అరలున్న పెట్టె ఒకటి కావాలి. జవాబు వచ్చిన అట్ట తర్వాతి అరలోకి వెళ్తుంది, దాన్ని ఆలస్యంగా చూస్తే చాలు. రానిది మొదటి అరకే తిరిగొస్తుంది. పాత శుభలేఖలు, అగ్గిపెట్టెలు పట్టే అట్టపెట్టె ఉంటే మనకీ సరిపోతుంది.

పెళ్ళితో చదువు ఆగిపోయి, మళ్ళీ పరీక్షకు కడదామనుకుంటూనే “ఈ వయసులో నాకేం గుర్తుంటుంది?” అని జంకే అక్కచెల్లెళ్ళకీ ఈ మాటే చెబుతాను. మర్నాటికి మరిచిపోతే మీ బుర్రను తిట్టుకోకండి. అంత పట్టుదల గల ఎబ్బింగ్‌హౌస్‌కీ అదే జరిగింది. ఈరోజు చదివింది రేపు ఒకసారి, మూడోనాడు ఒకసారి, వారానికి ఇంకోసారి చూడకుండా చెప్పుకోండి. పిల్లలు తడబడితే కసిరే బదులు, “రేపు మళ్ళీ అడుగుతాలే” అనండి. మరిచిపోకుండా అడగండి మరి!