తుపాకీ మూతి మీది మసి

సింగపూరులో నేటి క్లెమెంటి రోడ్డును 1942లో రిఫార్మేటరీ రోడ్డు అనేవారు. ఆ ఫిబ్రవరి రెండవ వారంలో జపాను సేనలను ఆపడానికి బ్రిటిషు పక్షం నిలిపిన రక్షణ రేఖలలో ఒకటి ఈ దారి వెంటే సాగింది. ఈ ప్రాంతంలో పోరాడిన దళాలలో 44వ ఇండియన్ బ్రిగేడు ఒకటి. ఆ సిపాయిల చేతుల్లోని లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు శత్రువు కాక మరొక ప్రమాదం కూడా ఉండేది. కాల్చిన తరువాత గొట్టంలో మిగిలే మసిని వెంటనే కడగకపోతే, సింగపూరు తేమలో అది కొద్ది గంటల్లోనే తుప్పుగా మారేది.

ఈ మసి స్వభావం మూడు దశల్లో మారింది. మొదటిది నల్లమందు కాలం. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ మందు కాలితే బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలేది. 19వ శతాబ్దిలో సింగపూరు కావలికి వచ్చిన మద్రాసు సైన్యపు పటాలాలకు ఇది నిత్యానుభవం. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు గణనీయంగా ఉండేవారు. ఈ మసి నీటిలో కరుగుతుంది కనుక వేడినీళ్ళు, గుడ్డ ఉంటే పని జరిగిపోయేది.

పొగలేని మందు రావడంతో మసి తగ్గింది గాని తుప్పు తగ్గలేదు. కొత్త మందు విడిచే ఆమ్లాలే అందుకు కారణమని చాలాకాలం భావించారు. 1922లో అమెరికా గనుల బ్యూరో ప్రచురించిన విల్బర్ట్ హఫ్ పరిశోధన అసలు దోషిని చూపింది. తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమరులోని పొటాషియం క్లోరేటు కాలి పొటాషియం క్లోరైడుగా మిగులుతుంది. అది ఉప్పు వంటిదే; గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. నూనె పూసి నిశ్చింతగా ఉన్న సిపాయి రైఫిలు లోలోపల తుప్పు పట్టడానికి కారణం ఇదే. అందుకే లీ-ఎన్‌ఫీల్డుకు మరిగే నీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె రాసేవారు. మడమలోని అరలో దాచే పుల్‌త్రూ తాడును వంకరగా లాగితే అది మూతి అంచును ఒక పక్కకు అరగదీసి గురి తప్పించేది. మసితోపాటు దాన్ని తీసే తీరూ గొట్టాన్ని చెరపగలదని అప్పుడే తెలిసింది.

మూడవ దశ సీసానిది. 1920ల చివరి నుంచి తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది సీసపు సమ్మేళనం. ఇనుము బతికింది, ప్రమాదం మనిషి వైపు మళ్ళింది. హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో పేటెంటు పొందిన సైలెన్సరు ఈ మార్పును మరింత స్పష్టం చేస్తుంది. అది మూతి నుంచి వెలువడే వాయువును గదుల్లో ఆపి, చల్లార్చి, నెమ్మదిగా వదులుతుంది. ఆగిన వాయువు మోసుకువచ్చిన బొగ్గు, రాగి, సీసం మూతి అంచున, మరల మీద గట్టి పెచ్చులా పేరుకుంటాయి. కొంత వాయువు వెనక్కు తిరిగి కాల్చేవాని ముఖానికి తగులుతుంది. మూతి అంచు సమంగా లేకపోతే గుండు దారి తప్పుతుంది కనుక పెచ్చును ఉక్కుతో గీకరాదు. ద్రావకంతో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో వదలగొట్టాలి.

ఈ మసిలోని సీసం చర్మం గుండా లోనికి పోయేది స్వల్పమే. మసి అంటిన వేళ్ళతో తిన్నప్పుడు, ధూళిని పీల్చినప్పుడు మాత్రం శరీరంలో చేరుతుంది. రక్తంలో నెలల్లో తగ్గినా ఎముకల్లో దశాబ్దాలు నిలుస్తుంది. పిల్లలకు సురక్షితమైన సీసపు మోతాదంటూ ఏదీ తెలియదు.

సింగపూరులో నిర్బంధ సైనిక శిక్షణ 1967లో మొదలైంది. అక్కడ స్థిరనివాసం పొందిన తెలుగు కుటుంబాల కొడుకులూ దీనికి బద్ధులే. క్లెమెంటి రోడ్డు మీద మాజూ శిబిరం నేటికీ ఉంది. స్వదేశంలోనే తయారైన సార్-21 రైఫిలును యువకులు ఊడదీసి తుడుస్తారు. ఆ తరువాత సబ్బుతో చేతులు కడగడం, బట్టలు విడిగా ఉతకడం ఇంటి రక్షణకు సంబంధించిన పని.

రిఫార్మేటరీ రోడ్డు నాటి సిపాయి మరిగే నీళ్ళతో రైఫిలును కాపాడుకున్నాడు. నేటి యువకుడు కుళాయి నీళ్ళతో తన చేతులను కడుక్కుంటాడు. ఆ చేతుల మసి ఇంట్లో ఉన్న తమ్ముడికో చెల్లికో చేరకుండా ఆపేది ఆ నీళ్ళే.