పోర్ట్ ఆఫ్ స్పెయిన్: రాత్రి సందడి ఎక్కడ దొరుకుతుంది?

కరీబియన్ సముద్రపు దక్షిణ అంచున, వెనిజులా తీరానికి కొద్ది దూరంలో ఉన్న దీవి ట్రినిడాడ్. దాని పక్కనే ఉన్న టొబాగోతో కలిసి ఏర్పడిన దేశానికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రాజధాని. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర పరిధిలో నివసించేవారు సుమారు 37 వేల మంది మాత్రమే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చేవారితో పగలు ఈ నగరం కిటకిటలాడుతుంది. సాయంత్రం దుకాణాలు మూసిన తరువాత ఇండిపెండెన్స్ స్క్వేర్ పరిసరాలు త్వరగా ఖాళీ అవుతాయి. ఆ సమయంలో అక్కడికి చేరిన కొత్త యాత్రికునికి, ప్రపంచ ప్రసిద్ధమైన కార్నివాల్ జరిగే నగరం ఇదేనా అన్న సందేహం కలగడం సహజం.

సందడి లేక కాదు, అది ఉండే చోటు వేరు. టికెట్టు కొని ఒక ద్వారం లోపలికి వెళితే దొరికే వినోదం ఇక్కడ కొంతే. వీధిలో, పేటలో, వాద్యబృందాల సాధన ప్రాంగణాలలో నలుగురూ కలిసి గడిపే రాత్రి దానికన్నా చాలా పెద్దది. ఆ రాత్రి కోసం నగర ప్రజలు నూట నలభై ఏళ్లకు పైగా పాలకులతో, చట్టాలతో, ఇటీవల నేరాలతో కూడా పెనుగులాడుతూ వస్తున్నారు.

‘లైమ్’ అంటే ఏమిటి?

ట్రినిడాడ్ వారి సంభాషణలో తరచుగా వినిపించే మాట ‘లైమ్’. ప్రత్యేకమైన పని ఏదీ పెట్టుకోకుండా స్నేహితులు ఒకచోట చేరి, తింటూ, తాగుతూ, కబుర్లాడుతూ పొద్దుపుచ్చడమే లైమ్. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర సాగే ముచ్చట్లకు ఇది దగ్గరి బంధువు. చిన్న బడ్డీ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నా లైమే, నదీ తీరాన వంట చేసుకున్నా లైమే. రాత్రిపూట నగరాన్ని చూడదలచిన యాత్రికుడు ముందుగా గ్రహించవలసిన సంగతి ఇది. ఇక్కడ కార్యక్రమం కన్నా కలయికే ప్రధానం.

మూడు పేటలు, మూడు రకాల రాత్రులు

నగరానికి పశ్చిమాన ఉన్న వుడ్‌బ్రూక్ ఒకప్పుడు చెరకు తోట. సుగంధ చేదు ద్రావకం ‘అంగోస్తురా బిట్టర్స్’ తయారీదారులైన సీగర్ట్ కుటుంబం దీనిని సొంతం చేసుకుంది. కార్లోస్, ఆల్ఫ్రెడో వంటి వీధుల పేర్లు ఆ కుటుంబ సభ్యులవే. ఈ పేటలోని ఆరియాపిటా ఎవెన్యూ నేడు భోజనశాలలకు, బార్లకు ప్రధాన కేంద్రం. స్థానికులు దీనిని కేవలం ‘ది ఎవెన్యూ’ అంటారు. శుక్ర, శనివారాలలో పాదచారులతో, మెల్లగా కదిలే కార్లతో, సోకా సంగీతంతో వీధి నిండిపోతుంది. పాత చెక్క ఇళ్లలో కాపురముంటున్న కుటుంబాలకు ఈ హోరు ఇబ్బందికరం. నివాసుల నిద్రకూ వ్యాపారుల రాబడికీ మధ్య ఇక్కడ పేచీ తెగడం లేదు.

ఇంకా పడమరకు వెళితే సెయింట్ జేమ్స్ వస్తుంది. వెస్టర్న్ మెయిన్ రోడ్డు వెంట రాత్రి చాలా పొద్దుపోయే వరకు తినుబండారాల బండ్లు, చిన్న బార్లు తెరిచి ఉంటాయి. నిద్రపోని పేటగా దీనికి పేరు. పక్క వీధుల పేర్లు భారతీయ యాత్రికులను ఆశ్చర్యపరుస్తాయి. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, లక్నో, హైదరాబాద్ పేర్లతో ఇక్కడ వీధులున్నాయి. 2001లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన వి.ఎస్. నైపాల్ కుటుంబం నివసించిన ఇల్లు ఈ పేటలోని నేపాల్ వీధిలోనే ఉంది.

మూడవది క్వీన్స్ పార్క్ సవానా. సుమారు 260 ఎకరాల ఈ బహిరంగ మైదానం చుట్టూ సాయంత్రం నడకకు వచ్చేవారు, కొబ్బరి బోండాలు అమ్మేవారు, మొక్కజొన్న సూపు బండ్లవారు కనిపిస్తారు. కుటుంబ సమేతంగా వచ్చేవారికి ఇది అనువైన చోటు. మైదానం ఎదుట 2009లో ప్రారంభమైన జాతీయ ప్రదర్శన కళల అకాడమీ ఉంది. పెద్ద కచేరీలు, నాటకాలు అక్కడ జరుగుతాయి.

మోతపై నిషేధం

ఈ నగరంలో రాత్రి సంగీతానికి ఇంత విలువ ఎందుకన్నది చరిత్ర చెబుతుంది. బ్రిటిష్ పాలనలో ఉన్న ట్రినిడాడ్‌లో 1834లో బానిసత్వం రద్దయింది. ‘అప్రెంటిస్’ పేరిట సాగిన నిర్బంధ శ్రమ కూడా ముగిసి 1838లో పూర్తి విముక్తి లభించింది. విముక్తులైన ఆఫ్రికన్ సంతతివారు కార్నివాల్ వేళ అర్ధరాత్రి కాగడాలు పట్టుకుని, డోళ్లు మోగిస్తూ వీధుల్లోకి వచ్చేవారు. ‘కాంబులే’ అనే ఈ ఊరేగింపు పాలకులకు కంటగింపయింది. 1881లో పోలీసులు దానిని అడ్డుకోబోగా పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో పెద్ద ఘర్షణ జరిగింది. 1884లో డోళ్ల మోతపైనా కాగడాలపైనా చట్టపరమైన ఆంక్షలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 30న దక్షిణాన శాన్ ఫెర్నాండోలో, చెరకు తోటల భారతీయ కూలీల మొహర్రం ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపి పలువురి ప్రాణాలు తీశారు.

డోలు దూరమైనా లయ ఆగలేదు. వివిధ పొడవుల వెదురు బొంగులను నేలకు కొట్టి వాయించే ‘టాంబూ బాంబూ’ పుట్టింది. 1930 దశకంలో బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, వాహనాల బ్రేక్ డ్రమ్ములు వెదురు స్థానంలోకి వచ్చాయి. 1940 దశకంలో చమురు పీపాల అడుగుభాగాన్ని సుత్తితో లోతుగా సాగగొట్టి, వేడిచేసి, ఒక్కొక్క చోట ఒక్కొక్క స్వరం పలికేలా శ్రుతి చేయడం రూపుదిద్దుకుంది. అదే స్టీల్‌పాన్. విన్‌స్టన్ ‘స్ప్రీ’ సైమన్, ఎల్లీ మానెట్, ఆంథొనీ విలియమ్స్, బెర్టీ మార్షల్ దీని రూపకర్తలలో ముఖ్యులు. చదువుకున్న కుటుంబాలు తొలినాళ్లలో ఈ వాయిద్యకారులను రౌడీలుగా చూశాయి. బృందాల మధ్య వీధి కొట్లాటలూ జరిగేవి.

1951లో లండన్‌లో జరిగిన ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’కు ట్రినిడాడ్ స్టీల్ బృందం ఒకటి వెళ్లి ప్రశంసలు పొందింది. దేశం 1962 ఆగస్టు 31న స్వతంత్రమైంది. మరుసటి ఏడాది ‘పనోరమా’ పోటీలు మొదలయ్యాయి. 1992లో స్టీల్‌పాన్ జాతీయ వాద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది. జాతీయ చిహ్నంలో ఉన్న కొలంబస్ ఓడల స్థానంలో స్టీల్‌పాన్‌ను ఉంచాలని 2025 జనవరిలో పార్లమెంటు తీర్మానించింది. ఒకప్పుడు రౌడీల సొత్తుగా చూసిన వాద్యం దేశపు ముద్రలోకి చేరింది.

పాన్ యార్డు: అసలు రాత్రి ఇక్కడే

స్టీల్‌పాన్ బృందం సాధన చేసే ఆరుబయటి ప్రాంగణాన్ని ‘పాన్ యార్డు’ అంటారు. జనవరి నుంచి కార్నివాల్ వరకు దాదాపు ప్రతి రాత్రి ఇక్కడ సాధన సాగుతుంది. డ్యూక్ వీధిలో ఆల్ స్టార్స్, షార్లెట్ వీధిలో రెనెగేడ్స్, క్వీన్స్ పార్క్ ఓవల్ క్రికెట్ మైదానం సమీపంలో ఇన్వేడర్స్, వుడ్‌బ్రూక్‌లో ఫేజ్ టూ పాన్ గ్రూవ్ పేరెన్నికగన్న బృందాలు. సాధన వినడానికి సాధారణంగా రుసుము ఉండదు. ఒక మూల పానీయాలు, తినుబండారాలు అమ్ముతారు.

పెద్ద బృందంలో వంద మందికి పైగా వాయిద్యకారులు ఉంటారు. పై స్వరాలు పలికే టెనార్ పాన్‌ను ఒక్కొక్కరు ఒక్కటి వాయిస్తే, మంద్ర స్వరాల కోసం ఒకే వ్యక్తి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ పూర్తి పీపాల మధ్య నిలబడి వాయిస్తారు. బ్రేక్ డ్రమ్ములు, డోళ్లతో లయ నడిపే విభాగం పేరు ‘ఇంజిన్ రూమ్’. సంగీత కూర్పరి ఒక్కొక్క చరణాన్ని వాయించి చూపగా, ఎక్కువమంది స్వరలిపి లేకుండా విని నేర్చుకుంటారు. పగలు ఉపాధ్యాయులుగా, గుమస్తాలుగా, మెకానిక్కులుగా, విద్యార్థులుగా ఉన్నవారే రాత్రి పక్కపక్కన నిలబడతారు. పోటీలో వాయించేది దాదాపు ఎనిమిది నిమిషాలు. దాని కోసం వారాల తరబడి రాత్రులు ఖర్చవుతాయి. ఒకే పలుకును ఇరవై సార్లు తప్పుగా వాయించి ఇరవై ఒకటోసారి సరిగ్గా పలికించినప్పుడు, వినేవారితో సహా యార్డంతా ఒక్కసారిగా కేక వేస్తుంది. ఏ నైట్ క్లబ్బులోనూ డబ్బుకు దొరకని అనుభవం అది.

భారతీయుల జాడలు

1845 మే 30న ‘ఫతేల్ రజాక్’ అనే ఓడ కలకత్తా నుంచి సుమారు 225 మంది భారతీయ కూలీలతో ఈ తీరానికి చేరింది. 1917లో ఒప్పంద కూలీల విధానం ఆగే నాటికి దాదాపు 1,44,000 మంది భారతీయులు ట్రినిడాడ్ చేరారు. అత్యధికులు నేటి ఉత్తరప్రదేశ్, బిహార్ ప్రాంతాలవారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ వారందరినీ కలిపి ‘మద్రాసీలు’ అన్నారు. 2011 లెక్కల్లో దేశ జనాభాలో 35 శాతానికి పైగా భారతీయ మూలాలవారే.

వారు తెచ్చిన వాద్యాలు, పాటలు నగర రాత్రిలో కలిసిపోయాయి. 1970 దశకం ఆరంభంలో లార్డ్ షార్టీ అనే కలిప్సో గాయకుడు ధోలక్, ధంతాల్ లయలను కలిప్సోతో మేళవించడంతో సోకా పుట్టింది. భోజ్‌పురి పెళ్లి పాటల నుంచి ఎదిగిన చట్నీ సంగీతానికి సుందర్ పోపో ఆద్యుడిగా పేరు పొందారు. 1987లో ద్రౌపతి రామ్‌గూనై పాటతో ‘చట్నీ సోకా’ అన్న పేరు స్థిరపడింది. శనగల కూరను రెండు మెత్తని ‘బారా’ల మధ్య పెట్టి ఇచ్చే ‘డబుల్స్’ను రాత్రి లైమ్ ముగిశాక జాతిభేదం లేకుండా అందరూ తింటారు.

సెయింట్ జేమ్స్‌లో మొహర్రం రాత్రులు, అక్కడి మాటలో ‘హోసే’, చూడదగినవి. అలంకరించిన తాజియాలను తాసా వాద్యాల మోత నడుమ వీధుల్లో నడిపిస్తారు. తాసా తోలును నిప్పుసెగకు కాచి బిగిస్తారు. మన డప్పు కళాకారులు చేసేదీ అదే. తెలుగు పల్లెల పీర్ల పండుగలాగే దీనిలోనూ అన్ని మతాలవారు పాల్గొంటారు. అయితే ఇది సంతాప సందర్భం, విందు వినోదం కాదు. చూడటానికి వెళ్లేవారు ఆ మర్యాద పాటించాలి.

కార్నివాల్ వేళ

క్రైస్తవుల ‘బూడిద బుధవారం’కు ముందు వచ్చే సోమ, మంగళవారాలే కార్నివాల్. సాధారణంగా ఫిబ్రవరిలోనో మార్చి తొలి రోజుల్లోనో వస్తుంది. సోమవారం తెల్లవారక ముందే, నాలుగు గంటల ప్రాంతంలో ‘జూవే’ మొదలవుతుంది. బురద, రంగులు, నూనె ఒంటికి పూసుకుని జనం వీధుల్లోకి వస్తారు. పాత కాంబులే ఊరేగింపు ఛాయ ఇందులో నేటికీ ఉంది. అంతకుముందు వారాల్లో ‘ఫెట్’ అనే విందులు జరుగుతాయి. తిండి, పానీయం అన్నీ కలిపి అమ్మే ఖరీదైన ఫెట్‌ల టికెట్టు సామాన్య ఉద్యోగికి అందనంత ఎత్తులో ఉంటుంది. వీధిలో అందరిదిగా ఉన్న పండుగ కంచెల వెనక్కి వెళుతోందన్న ఆవేదన స్థానికుల్లో ఏటా వినిపిస్తుంది.

భయం నీడలో

నేటి నగర రాత్రిని గురించి చెప్పేటప్పుడు నేరాల సంగతి దాచకూడదు. సుమారు 14 లక్షల జనాభా ఉన్న దేశంలో 2024లో 600కు పైగా హత్యలు జరిగాయి. ముఠాల మధ్య కాల్పులే వీటికి ఒక ప్రధాన కారణం. ఆ ఏడాది డిసెంబరు 30న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2025 కార్నివాల్ ఆ నీడలోనే జరిగింది. అదే ఏడాది జులైలో మళ్లీ ప్రకటించారు. అంతకుముందు 2011లో నెలల తరబడి రాత్రి కర్ఫ్యూ అమలైంది. కోవిడ్ కాలంలో 2021 కార్నివాల్ రద్దయింది.

స్టీల్‌పాన్ పెరిగిన లావెంటీల్ కొండలే హింసకు అధికంగా గురికావడం ఇందులోని విషాదం. ఆ కొండపై పుట్టిన డెస్పెరాడోస్ బృందం సాధన స్థలాన్ని కిందికి, నగరంలోకి మార్చుకోవలసి వచ్చింది. వినడానికి జనం కొండ ఎక్కలేని స్థితిలో, వాద్యమే జనం దగ్గరకు దిగివచ్చింది.

యాత్రికుడు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. చీకటి పడ్డాక నగర కేంద్రంలోనూ తూర్పు పేటల్లోనూ ఒంటరిగా నడవరాదు. అద్దె కార్ల నంబరు ‘హెచ్’ అక్షరంతో మొదలవుతుంది. ‘పి’ అక్షరం ఉన్నవి సొంత వాహనాలు. వాటిని కూడా టాక్సీలుగా తిప్పుతుంటారు, కొత్తవారు ఎక్కకపోవడమే మేలు. రాత్రి తిరుగు ప్రయాణానికి వాహనాన్ని ముందే మాట్లాడుకోవాలి. సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలు ధరించడం ఇక్కడ చట్టరీత్యా నేరం. ప్రయాణానికి ముందు భారత విదేశాంగ శాఖ సూచనలను, అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలి. స్థానిక పరిచయస్తుల తోడు ఉంటే అన్నిటికన్నా మంచిది.

కొద్ది రోజులే ఉండేవారు ఒక సాయంత్రం సవానా చుట్టూ నడిచి, ఎవెన్యూలో భోంచేసి, తరువాత ఏదైనా పాన్ యార్డుకు వెళ్లవచ్చు. పెద్ద బృందాలు సాధనలో ఉండేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాబట్టి ప్రయాణాన్ని అప్పటికి కుదుర్చుకోవడం మంచిది. యార్డులో వాయించేవారికి అడ్డు రాకుండా ఒక పక్కన నిలబడి వినవచ్చు, అక్కడ ఒక పానీయం కొంటే ఆ సొమ్ము సాధారణంగా బృందానికే చేరుతుంది. డోలు కొట్టవద్దన్న రోజుల్లో వెదురును, వెదురు తరువాత ఇనుమును పలికించిన ప్రజల వారసులు ఇప్పుడు తుపాకుల భయం మధ్య ప్రతి రాత్రి సాధనకు వస్తున్నారు. వారి యార్డులు తెరిచి ఉన్నంతకాలం పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రాత్రి అందరిదిగానే ఉంటుంది.