అటవీ భూమి, చెట్ల తొలగింపు, గిరిజన హక్కులు: కంచ గచ్చిబౌలి నేపథ్యంలో తెలుసుకోవలసిన అంశాలు

హైదరాబాద్: సైబరాబాద్ ఐ.టి. ప్రాంతంలోని కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి 30న చెట్ల తొలగింపు ప్రారంభమైన నాటి నుండి "అటవీ భూమి" అనే పదం వార్తలలో విస్తృతంగా వినియోగంలోకి వచ్చినది. ఆదిలాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల పోడు భూముల వార్తలలో సైతం ఇదే పదం కనిపిస్తుంది. ఈ రెండు సందర్భాలకు వర్తించే చట్టాలు కొన్ని ఒకటే కాగా, మరికొన్ని పూర్తిగా వేరు. వాటి వివరాలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

కంచ గచ్చిబౌలి: పూర్వాపరాలు

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని కంచ గచ్చిబౌలి గ్రామ సర్వే నెంబరు 25లో గల 400 ఎకరాలు ఈ వివాదానికి కేంద్రం. 1974లో ఏర్పాటైన హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఈ భూమి ఉన్నది. "కంచ" అనగా తెలంగాణ పల్లెలలో పశువుల మేతకు విడిచిపెట్టిన గడ్డి భూమి. గ్రామం పేరులోనే ఈ పదం నిలిచి ఉన్నది.

2003లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రీడా సదుపాయాల కొరకు ఈ భూమిని ఐ.ఎం.జి. భారత అనే సంస్థకు కేటాయించినది. 2004లో గోపనపల్లిలో 397 ఎకరాలను విశ్వవిద్యాలయానికి ప్రత్యామ్నాయంగా చూపినది. 2006లో ప్రభుత్వం కేటాయింపును రద్దు చేయగా, సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. 2024 మార్చిలో హైకోర్టు, అదే సంవత్సరం మే నెలలో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇచ్చినవి. అనంతరం భూమి తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు అప్పగించబడినది.

చెట్ల తొలగింపుపై విద్యార్థులు, పర్యావరణ సంస్థలు ఆందోళన చేపట్టగా, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్వయంగా విచారణకు స్వీకరించి పనులను నిలిపివేసినది. న్యాయస్థానం ఆదేశంపై స్థలాన్ని పరిశీలించిన హైకోర్టు రిజిస్ట్రార్, సుమారు 100 ఎకరాలలో విధ్వంసం జరిగినట్లు, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించినట్లు నివేదించారు. తదుపరి విచారణలలో చెట్లు కోల్పోయిన ప్రాంతాన్ని పునరుద్ధరించే ప్రణాళికను సమర్పించవలసిందిగా న్యాయస్థానం రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరినది.

యాజమాన్యం వేరు, స్వభావం వేరు

ఈ వివాదంలో తరచుగా కలిసిపోయే ప్రశ్నలు రెండు. మొదటిది, భూమి ఎవరిది? రెండవది, ఆ భూమి అడవియా, కాదా? ఇది రెవెన్యూ రికార్డుల ప్రకారం ప్రభుత్వ భూమి అని, అటవీ భూమి కాదని రాష్ట్ర ప్రభుత్వం వాదించినది. స్వభావరీత్యా ఇది అడవియేనని పిటిషనర్లు వాదించారు. యాజమాన్యంపై తీర్పు వచ్చినంత మాత్రాన రెండవ ప్రశ్న దానంతట అదే పరిష్కారం కాదు.

ఇందుకు ఆధారం టి.ఎన్. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు. 1980 అటవీ సంరక్షణ చట్టంలోని "అడవి" అనే పదాన్ని నిఘంటువులోని అర్థంలోనే గ్రహించవలెనని, యాజమాన్యంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ రికార్డులలో అడవిగా నమోదైన భూమికి సైతం చట్టం వర్తిస్తుందని అందులో పేర్కొనబడినది. 2023 సవరణ ఈ పరిధిని కుదించినదనే వాదనపై దాఖలైన కేసులో, 1996 నాటి నిర్వచనాన్నే అనుసరించవలసిందిగా 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. వీటికి తోడు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రకారం చెట్లు నరుకుటకు ముందస్తు అనుమతి అవసరం.

మూడవ ప్రశ్న: హక్కుదారులు ఎవరు?

అడవిలో తరతరాలుగా నివసించేవారి హక్కు మూడవ ప్రశ్న. తెలుగు ప్రాంతాలలో దీనికి సుదీర్ఘ చరిత్ర ఉన్నది. 1882 మద్రాసు అటవీ చట్టం అనంతరం పోడు సేద్యంపై విధించిన ఆంక్షలు 1922-24 నాటి మన్యం తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. నిజాం రాజ్యంలో కొమురం భీం నాయకత్వాన గోండులు సాగించిన పోరాటం 1940లో జోడెఘాట్‌లో ఆయన మరణానికి దారితీసినది. తదుపరి నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గిరిజనుల స్థితిగతులను అధ్యయనం చేశారు.

స్వాతంత్ర్యానంతరం 1959లో వచ్చి, 1970లో సవరణ పొందిన భూబదలాయింపు నిబంధన ("1/70") షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించినది. 1997 నాటి సమత తీర్పులో సుప్రీంకోర్టు ఈ ప్రాంతాల ప్రభుత్వ భూములను సైతం ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వరాదని తేల్చినది.

2006 అటవీ హక్కుల చట్టం: ముఖ్యాంశాలు

ఈ చట్టం 2007 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చినది.

- 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై గిరిజన కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాల, అనగా 75 సంవత్సరాల నివాసాన్ని నిరూపించుకోవలెను.
- హక్కు వారసత్వంగా సంక్రమిస్తుంది. అమ్ముటకు వీలు లేదు. వివాహితులకు భార్యాభర్తలిద్దరి పేర పత్రం జారీ చేయవలెను.
- దరఖాస్తుల పరిశీలన గ్రామసభతో మొదలవుతుంది. పరిశీలన పూర్తి కానిదే ఎవరినీ ఖాళీ చేయించరాదు.
- పాఠశాల, రహదారి వంటి ప్రజా సదుపాయాలకు గ్రామసభ సిఫారసుపై ఒక హెక్టారు లోపు భూమిని కేటాయించవచ్చును. హెక్టారుకు 75 చెట్లకు మించి తొలగించరాదు.
- వ్యక్తిగత సాగు హక్కుతో పాటు, సాంప్రదాయికంగా కాపాడుకొనుచున్న అడవిపై గ్రామానికి సామూహిక హక్కు కూడా ఉన్నది.

ఒడిశాలోని నియమగిరి కొండలలో బాక్సైట్ తవ్వకం విషయమై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మేరకు సమావేశమైన 12 గ్రామసభలూ ప్రతిపాదనను తిరస్కరించాయి. తిరస్కృత దరఖాస్తుదారులను ఖాళీ చేయించవలసిందిగా 2019 ఫిబ్రవరి 13న ఇచ్చిన ఉత్తర్వును అదే నెల 28న సుప్రీంకోర్టు నిలిపివేసినది. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో ప్రారంభమైన పట్టాల పంపిణీలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలపై హక్కులు కల్పించనున్నట్లు నాటి ప్రభుత్వం ప్రకటించినది.

వార్తల రూపకల్పనలో గమనించవలసినవి

గచ్చిబౌలి షెడ్యూల్డు ప్రాంతం కాదు. కనుక 1/70 నిబంధన, పంచాయతీల విస్తరణ చట్టం (పెసా) అచ్చట వర్తించవు. 1980 చట్టం, గోదావర్మన్ ఉత్తర్వు మాత్రం నగరానికీ, ఏజెన్సీకీ సమానం. అటవీ హక్కుల చట్టం సైతం షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితమైనది కాదు. "ప్రభుత్వ భూమి" అనే మాట యాజమాన్యాన్ని మాత్రమే తెలుపుతుంది. చెట్లు నరుకుటకు అనుమతిని గాని, అచ్చటివారికి హక్కు లేదని గాని అది సూచించదు. పోడు రైతును విచారణ ముగియకముందే "ఆక్రమణదారు" అని పేర్కొనుట చట్టరీత్యా సరికాదు. నరికిన చెట్లకు బదులు మొక్కలు నాటవచ్చును గాని, దశాబ్దాలుగా పెరిగిన చెట్టు నీడను, అందులోని జీవరాశిని ఒక్క వర్షాకాలంలో తిరిగి తేలేము. కావున యాజమాన్యం, స్వభావం, హక్కు అనే మూడు ప్రశ్నలకు సమాధానం యంత్రాలు కదలకముందే లభించుట అవసరమని గమనించగలరు.