మాట వినే కంప్యూటరు: కాటూరు నుంచి కీబోర్డు దాకా

1984లో కేంద్ర ప్రభుత్వం స్కూలు పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టింది. ఇంగ్లండులో తయారైన బీబీసీ మైక్రోలు మన దేశంలోని స్కూళ్లలో అడుగుపెట్టింది అప్పుడే. ఆ దశాబ్దంలో చదువుకున్న మనలో చాలామందికి కంప్యూటర్ అనగానే గుర్తొచ్చేది ఆ పెట్టే. కీబోర్డూ కంప్యూటరూ ఒకే డొక్కలో ఇమిడి ఉండేవి. మోడల్ బి మెమరీ 32 కిలోబైట్లు, ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్. అదనపు చిప్పులు పెడితే అది బీబీసీ వార్తలు చదివే కెనెత్ కెండాల్ గొంతుతో ఇంగ్లిషు మాటలు పలికేది. అయితే పలకడం వేరు, మనం చెప్పింది విని ఆ పని చేయడం వేరు.

ఈ స్వర్ణోత్సవ ప్రదర్శన కోసం అదే రూపంలో ఉన్న ఒక చిన్న కంప్యూటరు మీద, మాటతో ఆదేశాలిచ్చే పాత సాఫ్ట్‌వేర్‌ను తిరిగి నడిపించే పని నేను పెట్టుకున్నాను. ఆ పాత సాఫ్ట్‌వేర్ మూలాలు వెతుక్కుంటూ పోతే అవి ఒక తెలుగువారి దగ్గరికే తీసుకెళ్లాయి.

యంత్రానికి మాట వినిపించే ప్రయత్నాలు 1950లలోనే ఉన్నాయి. 1952లో బెల్ ల్యాబ్స్ వారి ‘ఆడ్రీ’ అంకెలను గుర్తుపట్టింది. 1962లో ఐబీఎం ‘షూబాక్స్’ 16 మాటలు విన్నది. మాటలన్నీ విడివిడిగా, ఆగి ఆగి పలకాలి. మనుషులు మామూలుగా మాట్లాడినట్టు కలిపి మాట్లాడితే వినగల యంత్రం కోసం జీవితమంతా పనిచేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు దబ్బాల రాజగోపాల రెడ్డి గారిది. ప్రపంచానికి ఆయన రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1958లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో డిగ్రీ, తరువాత ఆస్ట్రేలియాలో ఎం.టెక్., 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1994లో ట్యూరింగ్ అవార్డును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

1970ల ఆరంభంలో ఆయన బృందం తయారుచేసిన ‘హియర్‌సే’ అనే వ్యవస్థ నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను వినేది. చదరంగాన్నే ఎంచుకోవడంలో ఒక కిటుకు ఉంది. ఆటలో ఏ క్షణాన చూసినా వేయదగిన ఎత్తులు కొన్నే ఉంటాయి. శబ్దం సగమే అందినా, తక్కిన సగం ఆట నియమాలు చెబుతాయి. సికిందరాబాద్ స్టేషన్‌లో అంత రొద మధ్య అనౌన్స్‌మెంట్ మనకు ఎలా అర్థమవుతోంది? బండి పేరు, ప్లాట్‌ఫారం నంబరు వస్తాయని ముందే తెలుసు కాబట్టి. వినడమంటే చెవి పని మాత్రమే కాదు, ఏం వినబోతున్నామో తెలిసి ఉండటం కూడా. ఆ తరం సాఫ్ట్‌వేర్‌కు వెన్నెముక ఈ ఒక్క ఊహే.

1976లో అదే విశ్వవిద్యాలయంలో వచ్చిన ‘హార్పీ’ 1,011 మాటలు విన్నది. 1988 నాటికి రాజ్ రెడ్డి గారి విద్యార్థి కై-ఫు లీ ‘స్ఫింక్స్’ చేశారు. ఎవరి గొంతుకు వారు ముందుగా తర్ఫీదు ఇవ్వనక్కరలేకుండా, కలిపి మాట్లాడినా అది వినేది. 2000లో స్ఫింక్స్-2 కోడ్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2006లో దాని చిన్న రూపం ‘పాకెట్ స్ఫింక్స్’ వచ్చింది. దాన్ని నడిపి చూపించింది 206 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న అరచేతి కంప్యూటర్ మీద.

ఆ ఆర్మ్ ప్రాసెసర్ పుట్టిల్లు ఏదంటారా? బీబీసీ మైక్రో తయారుచేసిన ఏకార్న్ కంపెనీయే. మొదటి ఆర్మ్ చిప్ 1985లో పనిచేసింది. నేటి రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్లలో ఉన్నవీ ఆర్మ్ ప్రాసెసర్లే. 2020లో వచ్చిన పై 400 అయితే రూపంలో కూడా పాతకాలపుదే, కీబోర్డులోనే కంప్యూటర్ ఉంటుంది. మన బల్ల మీదకు దాన్ని ఎంచుకున్నది అందుకే.

పై 400లో మైకు పెట్టే సాకెట్ లేదు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి మామూలు యూఎస్‌బీ మైకు తెచ్చాను. పాత ప్రోగ్రాములు పాకెట్ స్ఫింక్స్‌తో పాటు ‘స్ఫింక్స్‌బేస్’ అనే మరో లైబ్రరీని అడుగుతాయి. చాలా ఏళ్లు కొత్త విడుదల లేకుండా ఉన్న పాకెట్ స్ఫింక్స్‌కు 2022లో 5.0.0 వచ్చింది. స్ఫింక్స్‌బేస్‌ను అందులోనే కలిపేశారు. పాత ప్రోగ్రాములోని పిలుపులను ఒక్కొక్కటిగా కొత్త పద్ధతికి మార్చుకుంటూ పోతే కోడ్ పని తేలిపోయింది.

అసలు పని ఆ తరువాత మొదలైంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు మూడు భాగాలు ఉంటాయి. ఏ ధ్వని ఎలా వినిపిస్తుందో చెప్పే ధ్వని నమూనా, ఏ మాటలో ఏ ధ్వనులు ఉన్నాయో చెప్పే నిఘంటువు, ఏ మాట తరువాత ఏ మాట రావచ్చో చెప్పే వ్యాకరణం. వ్యాకరణం మనమే రాసుకోవచ్చు. నేను పన్నెండు తెలుగు ఆదేశాలతో రాశాను. నిఘంటువూ కష్టం కాదు, తెలుగులో రాసినట్టే పలుకుతాం కనుక. చిక్కంతా ధ్వని నమూనాతోనే. పాకెట్ స్ఫింక్స్‌తో వచ్చేది అమెరికన్ ఇంగ్లిషు గొంతులతో తయారైనది. దాని దగ్గర ఉన్న ధ్వనులు 39. అందులో ళ లేదు, ణ లేదు. ‘కల’ అన్నా ‘కళ’ అన్నా దానికి ఒకటే. ఒంటి అక్షరానికీ ద్విత్వానికీ తేడా తెలియదు. అందుకని ఒకదానికొకటి పోలిక లేని ‘తెరువు’, ‘ఆపు’, ‘వెనక్కి’, ‘మొదలుపెట్టు’ లాంటి మాటలే తీసుకున్నాను.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇది బాగానే వింటోంది. ఇంటర్నెట్ అక్కరలేదు, మన గొంతు ఆ పెట్టె దాటి ఎక్కడికీ పోదు. అయితే జాబితాలో లేని మాట అంటే దాన్ని కూడా జాబితాలోని ఏదో ఒక మాటగా వినేస్తుంది. చదరంగం నాటి బలం ఇక్కడ బలహీనత.

ఇంజినీరుగా ఈ పనిలో నాకు తట్టింది ఒక్కటే. కోడ్ పాతబడితే ఎవరో ఒకరు కూర్చుని సరిచేయగలరు. గొంతులు మాత్రం రికార్డు చేసి దాచకపోతే తరువాత ఎంత తెలివి ఉన్నా పుట్టించలేం. మన బడి తెలుగు ఒక్క రకం కాదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన తెలుగు, కోస్తా నుంచి వచ్చిన మాస్టార్ల తెలుగు, ఇంట్లో తమిళమో మరాఠీయో ఉర్దూనో మాట్లాడి బడిలో నేర్చుకున్న తెలుగు, అన్నీ ఒకే బెంచీ మీద వినిపించేవి. మన టీచర్లలో ఎనభై దాటినవారు ఉన్నారు.

కాబట్టి మిత్రులకూ గురువులకూ ఒక మనవి. ప్రదర్శనలో ఈ బల్ల దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఇష్టమైనవారు సంతకం చేసి, అందులోని వంద మాటలు మైకులో చదవండి. పది నిమిషాల పని. ఆ రికార్డులు, మాటల జాబితా, మార్చిన కోడ్ మూడూ కలిపి సంఘానికి అప్పగిస్తాను. ఈ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎవరైనా లేపాలనుకున్న రోజున, ళ పలకడం వచ్చిన గొంతులు వారికి సిద్ధంగా ఉండాలి.