హలో... రోలా నుంచి మాట్లాడుతున్నా!

నాకు షార్జాలో ఉద్యోగం వచ్చిందనీ, రోలా అనే పేటలో ఉంటాననీ చెప్పినప్పుడు మా అమ్మ రుబ్బురోలు అనుకుంది. "అదేం ఊరు బిడ్డా, రోలు పేరు పెట్టుకున్నరు?" అంది. నిజానికి ఆ పేరు ఒక మర్రిచెట్టుది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో షార్జా పాలకుడు నాటించిన చెట్టు అని అక్కడ చెబుతారు. పండుగలకు జనం దాని నీడనే కూడేవారట. 1978లో ఆ చెట్టు చచ్చిపోయింది. దాని గుర్తుగా చౌకులో ఒక శిల్పం నిలబెట్టారు.

1997లో నేను వెళ్ళేసరికి చెట్టు లేదు గానీ, కూడే జనం మాత్రం ఉన్నారు. శుక్రవారం సాయంత్రం రోలా చౌకులో నిలబడితే మలయాళం, ఉర్దూ, బెంగాలీల మధ్య కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల తెలుగు అన్ని యాసల్లోనూ వినబడేది. ఏ యాసవారైనా చివరికి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంటికి ఫోన్ చేసినవా?"

ఈ మహాసభలకు వచ్చిన మనలో చాలామంది ఏదో ఒక సంవత్సరం ఇంటి ఫోన్ తీగ తీయించేసి, చవకగా దొరికే ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకున్నవాళ్ళమే. అప్పుడది కరెంటు బిల్లు కట్టినంత చిన్న పని అనిపించింది. నా విషయంలో అది చిన్న పని కాలేదు. అందుకే ఆ చరిత్రను, నాకు తెలిసినంతలో, మీ ముందు పెడుతున్నాను.

కేసెట్టులో ఉత్తరం

గల్ఫ్‌కు మొదటితరం వెళ్ళిన మనవాళ్ళకు ఉత్తరమే దిక్కు. చదువు రాని తల్లిదండ్రులున్నవాళ్ళు టేప్ రికార్డర్ ముందు కూర్చుని గంటసేపు మాట్లాడి, ఆ కేసెట్టును ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇంట్లోవాళ్ళు విని, రెండోవైపు తమ మాటలు నింపి తిరిగి పంపేవారు. ఒక ప్రశ్నకు జవాబు రావడానికి రెండు నెలలు!

తరువాత ఊళ్ళలో ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. 1984లో మొదలైన సి-డాట్ సంస్థ తయారుచేసిన చిన్న ఎక్స్ఛేంజీలు పల్లెలకు ఫోన్ తీసుకొచ్చాయి. మా ఊరి బూతుకు నేను రోలా నుంచి ఫోన్ చేసి, "మా అమ్మను పిలవండి, పావుగంటలో మళ్ళీ చేస్తా" అని పెట్టేసేవాణ్ణి. బూతు అబ్బాయి సైకిల్ మీద వెళ్ళి పిలుచుకొచ్చేవాడు. అంటే ఒక మాటకు రెండు కాల్స్ ఖర్చు. అమ్మ ఆయాసపడుతూ వచ్చి "బాగున్నవా" అని అడిగేది. ఆ వెంటనే "పెట్టెయ్యి బిడ్డా, పైసలు కాలుతున్నయ్" అనేది. ధర తగ్గే రాత్రివేళ చేద్దామంటే, అక్కడికన్నా మనకు గంటన్నర ముందు. ఊరంతా నిద్రపోయేది.

ఎందుకంత ఖరీదు? ఎమిరేట్స్‌లో 1976లో ఏర్పడిన ఎతిసలాత్ ఒక్కటే ఫోన్ సంస్థ. మనదేశంలో విదేశీ కాల్స్ అన్నీ 1986లో ఏర్పడిన వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారానే రావాలి. కాల్ చేసిన దేశం సంస్థ, అందుకున్న దేశం సంస్థకు నిమిషానికింత అని వాటా చెల్లించాలి. పేద దేశాలకు అది విదేశీ మారక ద్రవ్యం. ఊళ్ళో లోకల్ కాల్ చవకగా ఉండటానికి ఆ డబ్బు కూడా ఒక ఆధారం. ఆ రకంగా మేము అమ్మతో మాట్లాడిన ప్రతి నిమిషంలోనూ ఎవరింటి లోకల్ కాల్‌కో చందా కట్టాం! 1997లో అమెరికా సమాచార సంఘం ఎఫ్.సి.సి., తమ దేశపు కంపెనీలు బయటికి చెల్లించే ఆ వాటాలకు పై హద్దులు విధించింది. మనదేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. గుత్తాధిపత్యం 2002 మార్చితో ముగిసింది. ఆ ఏప్రిల్ 1 నుంచే ఇంటర్నెట్ టెలిఫోనీకి కొన్ని పరిమితులతో అనుమతి దొరికింది.

మాటను ముక్కలు చేసిన విద్య

పాత పద్ధతిలో మీరు ఫోన్ చేస్తే, మీ ఇంటి నుంచి అవతలి ఇంటి దాకా ఒక దారి మొత్తం మీకోసం కేటాయిస్తారు. మీరు మౌనంగా ఉన్నా అద్దె పడుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ ఫోన్ అలా కాదు. మీ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. సాధారణంగా ఆ అంకెలను సెకనుకు 50 పొట్లాలుగా కట్టి, మిగతావాళ్ళ ఈమెయిళ్ళూ బొమ్మలూ వెళ్ళే దారిలోనే పంపుతుంది. అవతల మళ్ళీ విప్పి వరుసగా పేరుస్తుంది. సముద్రాలు దాటే దూరమంతా ఇంటర్నెట్టు మీదే గడిచిపోతుంది కాబట్టి ఖర్చు తగ్గుతుంది. అవతల మామూలు ఫోన్ అయితే ఆ చివరి అడుగుకు మాత్రం డబ్బు కట్టాలి.

1995లో ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ ఈ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి మామూలు జనానికి అమ్మింది. 1996లో నెట్‌టుఫోన్ కంప్యూటర్ నుంచి మామూలు ఫోనుకు మాట కలిపింది. 1999లో "సిప్" అనే ఉమ్మడి ప్రమాణం వచ్చాక, ఎవరి పెట్టె అయినా ఎవరి సర్వరుతోనైనా మాట్లాడే వీలు కలిగింది. 2003 ఆగస్టులో స్కైప్ వచ్చింది.

రోలాలో నాకు ఈ విద్య పరిచయమైంది ఒక కంప్యూటర్ సెంటర్ వెనక గదిలో. బోర్డు ఏమీ లేదు. తెలిసినవాళ్ళకే తెలుసు. అమ్మ గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. నేనడిగిన ప్రశ్నకు రెండు సెకన్ల తర్వాత జవాబొచ్చేది. ఆ లోపల నేను మరో ప్రశ్న వేసేవాణ్ణి. ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఇద్దరం ఒకేసారి ఆగిపోయేవాళ్ళం. అయినా ఆ రోజు అమ్మ "పెట్టెయ్యి" అనలేదు. "చవకేనమ్మా" అని చెప్పాను కదా! మొదటిసారి మా బర్రె ఈనిన సంగతి, పక్కింటివాళ్ళ గోడ తగాదా, అన్నీ చెప్పింది. చవక అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. తక్కువ డబ్బుకు మాట్లాడటం ఒక్కటే కాదు, అవసరం లేని సంగతులు కూడా మాట్లాడుకోగలగడం.

రోలు వెళ్ళి మద్దెలతో...

అయితే అక్కడ అది చట్టం ఒప్పుకున్న పని కాదు. ఎమిరేట్స్‌లో 2003లో టెలికాం నియంత్రణ సంస్థ ఏర్పడింది. రెండో కంపెనీ డు 2007లో మొబైల్ సేవలు మొదలుపెట్టింది. ఇంటర్నెట్ మాటల సేవను లైసెన్సు ఉన్న టెలికాం సంస్థల ద్వారా మాత్రమే అందించాలని 2010 నాటి విధానం స్పష్టం చేసింది. 2015లో వాట్సాప్ మాటల సౌకర్యం తెచ్చినా అక్కడ పనిచెయ్యలేదు. 2018 జనవరిలో బోటిమ్, సీ-మీ అనే అనుమతి పొందిన యాప్‌లు వచ్చాయి. మొదట్లో నెల చందా మొబైల్‌కు 50 దిర్హాములు, ఇంటి కనెక్షనుకు 100 దిర్హాములు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు, ఆఫీసులు ఇళ్ళకు చేరినప్పుడు జూమ్, టీమ్స్ వంటి వాటికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు.

నేను 2005లో అమెరికా వచ్చాను. నా స్థానంలో మా తమ్ముడు రోలా చేరాడు. "అన్నా, నీకేంది, అక్కడ అన్నీ చవక" అనేవాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు! రోలుకు ఒక వైపే దెబ్బ, మద్దెలకు రెండు వైపులా. నాకు ఇంటి ఫోన్ నెల అద్దె ఒక దెబ్బ, కాలింగ్ కార్డులు రెండో దెబ్బ. కార్డు మీద రాసిన నిమిషాలు వేరు, మాట్లాడనిచ్చిన నిమిషాలు వేరు.

న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు అడుగడుగునా కనిపించే ఎడిసన్ ఊళ్ళోనే వోనేజ్ కంపెనీ 2002లో ఇంటర్నెట్ ఇంటి ఫోన్ అమ్మకం మొదలుపెట్టింది. 2007కు ఊమా, మేజిక్‌జాక్ కూడా బజారులోకి వచ్చాయి. 2009 ఆగస్టులో వోనేజ్, నెలకు 24.99 డాలర్లకు మనదేశంతో సహా అరవై దేశాలకు పరిమితి లేకుండా మాట్లాడే పథకం ప్రకటించింది. దాంతో పోటీ పెరిగింది. వారాంతపు విందుల్లో రాజకీయాలు పక్కకు పోయి "మీ ఇంట్లో ఏ పెట్టె?" అన్న చర్చలు మొదలయ్యాయి. పాత ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే ఆ పెట్టె పేరు "ఆటా". మన సంఘం కాదండోయ్, అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్!

నేనూ 2009 చివర్లో మారిపోయాను. ఏ కంపెనీ అన్నది అనవసరం. జరిగిన తప్పు నాదే. పాత నంబరు మాత్రం వదులుకోలేదు. 2007లో ఎఫ్.సి.సి. ఇంటర్నెట్ ఫోన్లకు కూడా నంబరు వెంట తీసుకెళ్ళే హక్కు వర్తింపజేసింది. అమ్మకు అక్షరాలు రావు గానీ, నా ఇంటి నంబరు అంకెలన్నీ నోటికి వచ్చు. పక్కింటి ముసలమ్మ గోడకు పాత తీగ ఫోన్ ఉంచుకుంటే, "ఎందుకమ్మా దండగ" అని సలహా కూడా ఇచ్చాను.

శాండీ వచ్చిన రాత్రి

2012 అక్టోబరులో బాపు కరీంనగర్ ఆసుపత్రిలో చేరారు. నేను టికెట్ కొన్నాను. 29వ తేదీ రాత్రి శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకింది. విమానాలు రద్దు. రాష్ట్రంలో ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. మోడెం ఆరిపోయింది. దాంతోపాటు ఆ చవక పెట్టె కూడా. తుపాను దెబ్బ తగిలిన ప్రాంతాల్లో దాదాపు నాలుగో వంతు సెల్ టవర్లు మూగబోయాయి. మా వీధికి వచ్చేది అందులో ఒకటి. రోడ్ల మీద చెట్లు. ఎటూ కదిలే వీలు లేదు.

పాత రాగి తీగ ఫోనుకు కరెంటు ఇంటి నుంచి కాదు, ఎక్స్ఛేంజీ నుంచి వస్తుంది. అక్కడి బ్యాటరీలు 48 వోల్టులు తీగ మీదే పంపుతాయి. ఆ సంగతి నాకు చదువులో తెలుసు, బతుకులో గుర్తు రాలేదు. మూడో రోజు పక్కింటి ముసలమ్మే తలుపు తట్టింది. "మీ నాన్నగారికి బాగాలేదన్నావు కదా, నా ఫోన్ పనిచేస్తోంది, వచ్చి మాట్లాడు" అంది. నేను మొదట ఆసుపత్రికి చేశాను, కలవలేదు. రోలాలో తమ్ముడికి చేశాను.

"అన్నా, నిన్ననే..." అన్నాడు. ఆ తరువాత ఇద్దరం మాట్లాడలేదు. లైన్‌లో ఏ ఆలస్యమూ లేదు, ఏ గరగరా లేదు. వాడి ఊపిరి కూడా వినబడుతోంది.

కరెంటు వచ్చాక పెట్టె వెలిగింది. ఇంట్లో పెట్టె ఆరిపోయినా కంపెనీ సర్వరు వచ్చిన మాటల్ని దాచిపెట్టింది. ఆరు సందేశాలు, అన్నీ అమ్మవే. యంత్రంతో మాట్లాడుతున్నానని ఆమెకు తెలియదు. "కొడుకా, ఇంటున్నవా? బాపు నిన్నే అడుగుతున్నడు... ఇంటున్నవా?"

ఆ అడాప్టరుకూ మోడెముకూ ఒక చిన్న యు.పి.ఎస్. పెట్టి ఉంటే, కనీసం మొదటి కొన్ని గంటలైనా ఫోన్ బతికి ఉండేదేమో! దాని ఖరీదు నేను మూడు నెలల్లో ఆదా చేసిన డబ్బంత. ఆ తుపాను, దానికి ముందు వచ్చిన మరికొన్ని, చివరికి నియమాలనూ కదిలించాయి. 2015లో ఎఫ్.సి.సి., ఇంటి ఫోన్ సేవ అమ్మే కంపెనీలు ఎనిమిది గంటల బ్యాటరీని, 2019 నాటికి ఇరవై నాలుగు గంటల బ్యాటరీని కొనుక్కునే వీలు కల్పించాలని ఆదేశించింది. కల్పించాలన్నదే ఆ నియమం, అదీ 2025 దాకానే అమల్లో ఉండింది. కొనుక్కోవడం మన పని.

చివరగా...

ఇప్పటికీ ఎవరైనా తీగ తీయించేద్దామనుకుంటే నేను ధర ముందు అడగను. కరెంటు పోతే ఎన్ని గంటలు పనిచేస్తుందని అడుగుతాను. 911 కోసం చిరునామా నమోదు చేశారా అని అడుగుతాను. 2005 నుంచి కంపెనీలు ఆ సౌకర్యం ఇవ్వాల్సిందే. కానీ ఇల్లు మారితే కొత్త చిరునామా చెప్పాల్సింది మనమే. కొత్తదానికి నంబరు మారేదాకా పాత సేవను రద్దు చెయ్యవద్దంటాను. చేస్తే నంబరే పోవచ్చు. "అపరిమితం" అన్న మాట కింద చిన్న అక్షరాలు చదవమంటాను. ఆ దేశపు చట్టం ఏమంటుందో తెలుసుకోమంటాను. ధర వీటన్నిటి తరువాత.

స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. తమ్ముడు ఇంకా రోలాలోనే ఉన్నాడు. అనుమతి ఉన్న యాప్‌లో అమ్మను తెర మీద చూస్తూ మాట్లాడతాడు. అమ్మకు ఇప్పుడు ఏ నంబరూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మా బొమ్మ మీద వేలు పెడితే చాలు. అయినా నా ఇంటి నంబరు ఆమెకు ఇంకా నోటికి వచ్చు. అందుకే ఆ నంబరు నేను తీసెయ్యలేదు. దానికి రెండు బ్యాటరీలు పెట్టాను.

ఈ మహాసభల సందడిలో ఒక్క ఐదు నిమిషాలు పక్కకు వెళ్ళి ఇంటికి ఫోన్ చెయ్యండి. పెట్టెయ్యమనే అమ్మలు ఇప్పుడు లేరు, పైసలు కాలడం లేదు. బర్రె సంగతి కూడా అడగండి.